పట్టాభిషేకం ఆగిన ఊరు

టేకుమట్లలో నేను నేర్పిన ఆటను చెడగొట్టినవాడు పూల్‌సింగ్. ఇందులో రెండో మాట లేదు. ఇరవై నాలుగేళ్లుగా నేను ఈ మాట మీదే ఉన్నాను. వినేవాళ్లు మారారు, మాట మారలేదు.

పోయిన వారం దాకా కథ ఇంతే. ఈ గురువారం పొద్దున పూల్‌సింగ్ కూతురు సౌందర్య వచ్చి తరిగొప్పులలో నా ఇంటి అరుగు మీద కూర్చుంది. ఇరవై ఏళ్ల పిల్ల. డిగ్రీ మధ్యలో వదిలేసి, తనతో కలిపి పన్నెండు మంది ఆడపిల్లల జట్టు కట్టి చిరుతల రామాయణం ఆడుతోంది. జనగామలో మొదటి ఆటకు జనం రాలేదు. మహబూబాబాద్‌లో రెండో ఆటకు వచ్చారు, నవ్వారు, లేచి పోయారు. మూడోది ఈ ఆదివారం టేకుమట్లలో. అదీ పోతే జట్టు ఉండదు. పిల్లల ఇళ్లలో ఇదే ఆఖరని చెప్పేశారు.

టేకుమట్ల పెద్దలు ఒక షరతు పెట్టారు. ఏ ఊళ్లోనైనా చిరుతల రామాయణం మొదలుపెడితే రాముడికి కిరీటం పెట్టేదాకా ఆడాలి. పట్టాభిషేకం కాకుండా ఆపితే ఊరికి మంచిది కాదని నమ్మకం. తమ ఊళ్లో ఒకసారి ఆగింది, ఎవరివల్ల ఆగిందో వాడు వచ్చి పదిమందిలో తప్పు ఒప్పుకొని కొబ్బరికాయ కొట్టాలి, అప్పుడే ఎవరైనా చిరుతలు పట్టాలి అన్నారు. ఎవరివల్ల ఆగిందో ఊరందరికీ తెలుసు. చెప్పింది నేనే. పూల్‌సింగ్ రానన్నాడు. అందుకే పిల్ల నా దగ్గరికి వచ్చింది. నేను టేకుమట్లకు వచ్చి 'వాణ్ణి క్షమించాను' అని ఒక్క మాట అంటే పెద్దలు షరతు వదిలేస్తారట.

నేను అననన్నాను. ఆ పిల్ల లేవనంది. రెండు రోజులు అట్లా నడిచింది. రాత్రిళ్లు పక్కింటి రూప దగ్గర పడుకుంది. పొద్దున్నే మళ్లీ అరుగు.

శనివారం పగలు రూప చాట పట్టుకొని వచ్చి బియ్యం చెరుగుతూ నా వైపు చూసింది.

"మామా, పిల్ల ఎండకు వాడిపోతాంది. నీది గుండెనా, గ్రానైటా?"

"నీడ ఉన్నది. జరగమను."

"అన్నం తినుమన్నవా?"

"నువ్వు పెడ్తున్నవు గదా. ఇద్దరు పెడ్తే బలిసిపోతది."

సౌందర్య నవ్వింది. నాకు నచ్చలేదు. నా అరుగు మీద కూర్చొని నా మాటకు నవ్వేవాళ్లు ఈ మూడేళ్లలో లేరు. నా భార్య సత్తమ్మ పోయి మూడేళ్లు.

అప్పుడే బస్సు దిగి పూల్‌సింగ్ వచ్చాడు.

నేను చివరిసారి చూసినప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు. రాముడి వేషంలో. వెడల్పు నుదురు, గొంతు విప్పితే మూడు వీధులు వినేవి. ఇప్పుడు భూపాలపల్లిలో ఆటో నడుపుతాడు. ఖాకీ చొక్కా, ముందు జుట్టు లేదు. నా రాముడికి పొట్ట వచ్చింది. వాడు నాకు దండం పెట్టలేదు. కూతురితో వాళ్ల తండా భాషలో ఏదో అన్నాడు. తర్వాత నాకు వినబడాలని తెలుగులో అన్నాడు.

"లే బిడ్డా. పోదాం."

"తాత ఇంకేం చెప్పలే బాపు."

"చెప్పడు. ఓడినోళ్ల దిక్కు చూసే మనిషి గాదు. నాకెరుకే."

"ఓడినోని బిడ్డకు ఓడుడు గాక ఇంకేం వస్తది?" అన్నాను.

రూప చేతిలో చాట ఆగింది. సౌందర్య తల దించుకుంది. రెండు రోజులుగా నేను ఎన్ని అన్నా దించని తల.

పూల్‌సింగ్ చెప్పులు విడిచి అరుగు కింది మెట్టు మీద కూర్చున్నాడు. పోవడానికి వచ్చినవాడు చెప్పులు విడవడు. నేను అప్పుడే గమనించాల్సింది.

"నన్ను ఏమన్న అను పంతులూ. ఇరవై నాలుగేండ్లు అన్నవు, పడ్డ. బిడ్డను అంటే పడ."

"పడక ఏం చేస్తవు? మళ్ల ఉరుకుతవా?"

"ఉరికిన. లేదంటలేను. ఎందుకు ఉరికిన్నో ఎన్నడన్న అడిగినవా?"

"అడుగుడేంది. ఆట రాలే, ఉరికినవు."

ఆ ఆట సంగతి ఇక్కడ చెప్పాలి. లేకపోతే వాడు తర్వాత అన్నది అర్థం కాదు.

చిరుతలంటే చేతిలో పట్టుకొని మోగించే చెక్కలు. ఆటగాళ్లు వలయంగా నిలబడి వాటిని మోగిస్తూ పాడుతూ అడుగు వేస్తారు. పట్టాభిషేకం పాటలో ఒకచోట దరువు రెండింతలవుతుంది. అక్కడ అందరూ ఒక్కసారి కుడికి తిరగాలి. పూల్‌సింగ్ ఎడమకు తిరిగేవాడు. హోలీకి వాళ్ల తండాలో మగవాళ్లు కర్రలతో ఆడతారు. ఆ ఆటలో దరువు పెరిగితే ఎడమకే తిరుగుతారు. పుట్టినప్పటి నుంచి వాడి కాళ్లకు అదే తెలుసు. పక్కన లక్ష్మణుడు ఇమ్మానుయేల్. వాడి ముక్కు పెద్దది. రాముడు ఎడమకు, లక్ష్మణుడు కుడికి తిరిగితే ఆ ముక్కే ముందు తగిలేది. మూడు నెలల్లో రెండుసార్లు నెత్తురు కారింది. నేను రోజూ పూల్‌సింగ్ మడమ మీద చిరుతతో కొట్టేవాణ్ణి. అట్లాగే నేర్పాలి. నాకు అట్లాగే నేర్పారు.

పట్టాభిషేకం పొద్దున ఊరు ఊరంతా కూర్చుంది. కిరీటం తయారుగా ఉంది. రాముడు లేడు. మధ్యాహ్నం దాకా చూశాను. చిరుతలు కింద పెట్టి, సత్తమ్మను తీసుకొని ట్రాక్టరు ఎక్కాను. అంతకుముందు పదకొండు ఊళ్లు నన్ను పిలిచి నేర్పించుకున్నాయి. ఆ తర్వాత ఒక్క ఊరూ పిలవలేదు. పట్టాభిషేకం తప్పిన పంతులును ఎవరు పిలుస్తారు? జనగామలో పత్తి మిల్లుకు కావలి కూర్చొని పంతొమ్మిదేళ్లు గడిపాను.

పూల్‌సింగ్ అడిగాడు. "ఆ రోజు పొద్దుగాల వేషాల పాకల నువ్వు నాతోని ఏమన్నవు?"

"తిట్టిన్నేమో. రోజు తిట్టేది."

"రోజు తిట్టుడు వేరే. ఆ రోజు అన్నది వేరే. 'ఇయ్యాల అడుగు తప్పితే జన్మల నీ ముఖం నాకు చూపియ్యకు' అన్నవు."

"అనలే."

"అన్నవు. నాకు తెలుసు అడుగు తప్పుతదని. ఊరంతా చూస్తుంటే తప్పి, అటెన్క పోవుడెందుకు? ముందుగాలే పోయిన. నువ్వు చెప్పిందే చేసిన పంతులూ. ముఖం చూపియ్యలే. ఇయ్యాల్టి దాక చూపియ్యలే."

"నేను అట్ల అనలే అంటున్న."

"అవ్వ పక్కనే ఉండె. నీకు గజ్జెల మూట అందిస్తాంది. ఆమె ఇన్నది."

సత్తమ్మ మాట ఎత్తేసరికి కోపం వచ్చింది. చచ్చిన మనిషిని సాక్ష్యం పిలవడం సులువు. ఆ మాటే అనబోయాను. అంతలో ఆ మూట కళ్ల ముందుకు వచ్చింది. నీలం గుడ్డ. ముడి విప్పరాక నేను విసుక్కున్నాను. నా ఎదురుగా ఒక కుర్రవాడు కిరీటం లేకుండా, ముఖానికి రంగుతో నిలబడి ఉన్నాడు. ముడి విప్పుతూ, వాడి వైపు చూడకుండా అన్నాను. అదే మాట.

అన్నాను.

పూల్‌సింగే మళ్లీ అందుకున్నాడు. ఈసారి గొంతులో పోట్లాట లేదు.

"నువ్వు పగటిపూట పండుకుందువు. మేమందరం మీ ఇంటెన్క దొడ్లకు పోదుము. అవ్వ ఇత్తడి పళ్లెం మీద గంటెతోని దరువు కొట్టేది. 'ఈడ ఎన్ని తప్పులన్న చెయ్యిన్రి కొడుకా, ఆయన నిద్ర లేసేదాక మీదే రాజ్జెం' అనేది. నేను ఎడమకు తిరుగుదును. ఇమ్మానుయేల్ ముక్కు పట్టుకొని కూలబడుతుండె. అవ్వ నవ్వలేక సచ్చేది. తనూ కొంగు చెక్కుకొని అడుగేసేది. నూరుసార్లు తప్పుతే నూటొక్కటోసారి వచ్చేది. అట్లనే పొద్దుమీకి నీ ముందట నిలబడ్డం."

సత్తమ్మ చిరుతల అడుగు వేయడం నేను చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురం. ఆ పిల్లలు నాకు భయపడి నేర్చుకుంటున్నారని పదకొండు ఊళ్లలో చెప్పుకున్నాను. ఆమె వినేది, అన్నం వడ్డించేది.

"ఆఖరు నాలుగు రోజులు అవ్వ లేదు," అన్నాడు. "తమ్ముని పెండ్లని కొడకండ్లకు పోయింది. ఆ పొద్దుగాలనే వచ్చింది."

పొమ్మన్నది నేను. ఇంట్లో ఆడమనిషి ఉంటే కుర్రవాళ్లు వంటింటి చుట్టూ తిరుగుతున్నారని పంపాను.

"నాలుగు రోజులు నాకు తప్పు చేసే జాగ లేకుండె పంతులూ. నీ ముందట తప్పొద్దు. తండాల చేస్తే నవ్వుతరు. అవ్వ లేదు. మరి ఎక్కడ తప్పాలె?"

అడగాల్సింది వేరే ఉంది, అది అడిగాను.

"ఆమె నాకెందుకు చెప్పలే?"

"కొన్నేండ్లకు జనగామ బస్టాండుల కలిసింది. నేను పోయి చెప్త అవ్వా అన్న. వద్దన్నది."

"ఏమన్నది?"

"చెప్పాల్నా?"

"చెప్పు."

"'ఆయనకు ఆట లేదు. పిలిచే ఊరు లేదు. మిగిలింది నీ మీద కోపమొక్కటే. అది గుంజుకుంటే ఆయన మీద ఆయనకే కోపమొస్తది. బతకడు. నువ్వు చిన్నోనివి, మొయ్యి కొడుకా' అన్నది. సరే అవ్వా అన్న."

నేను లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు తాగాను. దాహం లేదు. తాగాను. బయట రూప అందరికీ చాయ్ పోస్తున్న చప్పుడు వినిపించింది. నేను చెడ్డవాణ్ణని నాకు తెలిసిన రోజే నా ఇంట్లో ముగ్గురు కూర్చొని చాయ్ తాగుతున్నారు.

బయటికి వచ్చి సౌందర్యను అడిగాను. "మహబూబాబాద్ ఆట ఫోన్ల ఉన్నదన్నవు. చూపియ్యి."

"వద్దు తాతా. చూసినోళ్లందరు నవ్విన్రు."

"నేను నవ్వ. నాకు రాదు."

చూపించింది. చిన్న అద్దంలో పన్నెండు మంది పిల్లలు. పాట బాగుంది, గొంతులు బాగున్నాయి. దరువు రెండింతలైంది. సగం మంది కుడికి, సగం మంది ఎడమకు తిరిగారు. అందరూ ఢీకొన్నారు. ఒక కిరీటం దొర్లుకుంటూ పోయి మైకు కింద ఆగింది. జనం నవ్వు. పిల్లలు నిలబడిపోయారు. అందులో సౌందర్య కళ్లు తుడుచుకుంటోంది.

"మళ్ల పెట్టు."

నాలుగుసార్లు చూశాను. నాలుగోసారి ఆపమన్నాను.

"ఎడమకు తిరిగినోళ్లు ఎవరు?"

"తండా పిల్లలు. నాతోని కలిపి ఆరుగురం. ఎంత నేర్పినా దరువు పెరుగంగనే కాలు అటే పోతది తాతా. తప్పు మాదే."

"మిగిలినోళ్లు?"

"కొడకండ్ల, జనగామ దిక్కు పిల్లలు."

"మీ ఆరుగుర్ల ఒక్కలన్న కుడికి తిరిగిన్రా?"

"లేదు."

"తప్పు అయితే తలా ఒక తీరు తప్పుతరు. ఆరుగురు ఒక్క తీరుగ తప్పరు. గిది తప్పు గాదు. ఇంకో అడుగు."

పూల్‌సింగ్ నన్ను చూశాడు. వాడి చెయ్యి కిందికి పోయి కుడి మడమ మీద ఆగింది. ఆగినట్టు వాడికి తెలియదు. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే ఇంకెప్పుడూ చూడలేనని తెలుసు.

ఆ సాయంత్రం నా వాకిట్లో రెండు వలయాలు గీశాను. లోపలి వలయం తండా పిల్లలది, ఎడమకు. బయటి వలయం మిగతా వాళ్లది, కుడికి. ఎదురెదురుగా తిరిగితే ఢీకొనరు, ఒకరి చిరుత మీద ఒకరు దరువు వేసుకుంటూ దాటిపోతారు. పన్నెండు మంది ఆటను ముగ్గురితో చూడాలి. తండ్రీ కూతుళ్లు లోపల. బయట రూపను నిలబెట్టాను.

"నాకు రాదు మామా. నేనెన్నడు ఎగరలే."

"రానోళ్లే కావాలె. వచ్చినోళ్లతోని నాకేం తెలుస్తది?"

బకెట్ బోర్లించి దరువు కొట్టాను. రూప పోయి పూల్‌సింగ్ పొట్టకు తగిలింది. మళ్లీ కొట్టాను. సౌందర్య కాలు తొక్కింది. ఒక అర అడుగు జాగా తక్కువైంది. లోపలి వలయాన్ని దగ్గరికి జరిపాను. అప్పుడు దూరమైంది. మళ్లీ జరిపాను. దీపాలు పెట్టే వేళకు ఒక్కసారి కుదిరింది. ముగ్గురూ దాటిపోయారు, ఎవరూ తగల్లేదు. ఎట్లా కుదిరిందో వాళ్లకే తెలియలేదు. సౌందర్య వెంటనే ఫోన్ తీసి టేకుమట్లలో ఉన్న పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను ఎవరినీ తిట్టలేదు. రూపను తప్ప.

అన్నాలప్పుడు చెప్పాను. "రేపు నేను టేకుమట్లకు వస్త. కాయ నేను కొడ్త."

పూల్‌సింగ్ ముద్ద ఆపాడు. "నువ్వెందుకు? ఊరి లెక్కల ఆపింది నేను."

"ఊరికి తప్పు చెప్పిన. పోయి సరిచేస్త."

"అవ్వకు మాటిచ్చిన పంతులూ. నేను మోస్త అన్న. ఆమె లేదు గదా అని దించుతనా?"

"ఆమె నా పెండ్లాం. నీకిచ్చిన పని నేను తీసేస్తున్న."

"తీసెయ్యనీకి నువ్వెవరు?"

"నీ పంతులును."

"ఆ మాట ఇరవై నాలుగేండ్ల కింద యాదికుంటే మంచిగుండు."

సౌందర్య ఇద్దరి పళ్లేల్లో పప్పు పోసింది. "మీరు గిట్ల కొట్లాడితే కొబ్బరికాయ కంటె ముందుగాల తలకాయలు పగుల్తయి. తినున్రి," అంది.

తిన్నాం. వాడికి రూప వాళ్ల వరండాలో పక్క వేసింది.

ఆదివారం పొద్దున చూస్తే చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. రూప వాకిలి ఊడుస్తోంది.

"తొలి బస్సుకే పోయిండు మామా. కొబ్బరికాయ ఉన్నదా అంటే ఇచ్చిన."

"ఎందుకిచ్చినవు?"

"నాకేమెరుక. దేవునికనుకున్న."

సౌందర్యా నేనూ రెండో బస్సుకు జనగామ చేరాం. హనుమకొండలో మారి, పరకాల మీదుగా పోయే బస్సు ఎక్కాం. పూల్‌సింగ్ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మేము వాడికి గంట వెనక ఉన్నాం. పరకాల దాటాక వరికోత యంత్రం రోడ్డుకు అడ్డం తిరిగి బస్సు నిలబడింది. అప్పుడు జట్టులోని పిల్ల ఒకతె ఫోన్ చేసింది. సౌందర్య విని నా వైపు తిరిగింది.

"పెద్దమనుషులు కూసున్నరంట. బాపు నడుమ నిలబడ్డడంట. తప్పు నాదే అని చెప్పబోతుండంట."

"ఫోన్ గట్టిగ పెట్టుమను. అందరికి ఇనబడాలె."

"ఏం చెప్తవు తాతా?"

ఫోన్ తీసుకున్నాను. అవతల గాలి, జనం గుసగుస. యాకయ్య పంతులును మాట్లాడుతున్నా అన్నాను. గుసగుస ఆగింది. ఆ ఊరు నా గొంతు విని ఇరవై నాలుగేళ్లు. చెప్పాల్సింది చెప్పాను. వేషాల పాకలో నేను అన్న మాటను, ఒక్క అక్షరం మార్చకుండా, ఊరి ముందు మళ్లీ అన్నాను. బస్సులో వాళ్లు కూడా విన్నారు. విననీ.

అవతల పూల్‌సింగ్ గొంతు ఒక్కసారి, దూరంగా, "వద్దు పంతులూ" అంది. వెంటనే కొబ్బరికాయ పగిలిన చప్పుడు. ఎవరు కొట్టారో, ఎవరి తప్పు కింద కొట్టారో తెలియలేదు. లైను తెగింది. సౌందర్య మళ్లీ మళ్లీ చేస్తోంది. కలవడం లేదు.

యంత్రం పక్కకు జరిగింది. బస్సు కదిలింది. ఇంకో గంటలో ఆ ఊళ్లో దిగుతాను. ఆట ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఉంటే దరువు కొడతాను. లేకపోతే ఆ పన్నెండు మందిని తరిగొప్పులకు తీసుకుపోయి నా వాకిట్లో ఆడిస్తాను. కానీ టేకుమట్లలో ఆట ఎవరివల్ల ఆగిందన్న మాట ఇంకెవరూ నన్ను అడగొద్దు. ఒక్కసారి చెప్పాను. ఇక చెప్పను. బతికినన్నాళ్లు చెప్పను.